సామెతలు 3:6లో ‘సరాళము’ అంటే సులభమనా?

సండేస్కూల్ టీచర్, గోపాలపట్నం:
అందరికీ వందనాలు. నిన్న క్లాసులో ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. వాక్యం మనందరికీ కంఠతా వచ్చిందే. “నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము. అప్పుడు ఆయన నీ త్రోవలను సరాళము చేయును.” ఆ పిల్ల ఇలా అంది: “టీచర్, సరాళం అంటే సరళమే కదా, సరళం అంటే ఈజీ. నేను ప్రార్థన చేసుకునే ఎంపీసీలో చేరాను. లెక్కలు ఒక్కటీ ఎక్కడం లేదు. అయితే ఇది దేవుడు చూపించిన తోవ కాదా?”

జవాబు వచ్చే ఆదివారం చెప్తానన్నాను. అడుగుతున్నప్పుడు ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. దయచేసి తెలిసినవాళ్ళు ఈ మాట విప్పి చెప్పండి.

రిటైర్డ్ తెలుగు మేష్టారు, భీమిలి:
అమ్మా, ఆ అమ్మాయి సగం సరిగ్గానే చెప్పింది. సరళం, సరాళం ఒకే మొదలు నుంచి వచ్చినవి. సరళమైన భాష, సరళ వచనం అని వాడి వాడి మనం సులభం అనే అర్థాన్ని ముందుకు తెచ్చుకున్నాం. సరళరేఖలో చూడండి, అక్కడ సరళమంటే వంకర లేనిది. వ్యాకరణంలో క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. అక్కడ కరుకు లేనిది.

ఇక దీర్ఘం పెట్టి సరాళం అన్నామంటే వాడుకలో అడ్డు లేదని. కిటికీ తీస్తే గాలి సరాళంగా వస్తుంది. కాలవలో పూడిక తీస్తే నీళ్ళు సరాళంగా పోతాయి. గాలికీ నీళ్ళకీ సులభమేమిటి, కష్టమేమిటి? అడ్డు ఉందా, తీసేశారా, అంతే.

ఇంకొకటి. ‘దేవుని నడిపింపు’ అని మీరంతా అంటుంటారు, నాకు చాలా ఇష్టమైన మాట. నడిపించడం ప్రేరణార్థకం. ఎవరు నడిపించినా నడిచేది నడిచేవాడే. పిల్లని వేలు పట్టుకుని నడిపించడం వేరు, చంకనెత్తుకుపోవడం వేరు. కాళ్ళు నొప్పి పుడుతున్నాయంటే అమ్మ వేలు వదిలేసిందని కాదు కదా.

పాస్టర్, పెందుర్తి:
మేష్టారికి వందనాలు. హీబ్రూ కూడా మీ మాటనే నిలబెడుతుంది. ఇక్కడి క్రియకు ధాతువు ‘యాషర్’. వంకర తీయడం, చదును చేయడం. ఇదే ధాతువు యెషయా 40:3లో వస్తుంది, మన పరిశుద్ధ గ్రంథంలో అక్కడా అదే తెలుగు మాట ఉంది: “ఎడారిలో మా దేవుని రాజమార్గము సరాళము చేయుడి.” ఆ తరవాతి వచనంలో లోయలు పూడ్చడం, కొండలు అణచడం చదువుతాం. రాజు వస్తున్నాడంటే ముందు మనుషులు వెళ్ళి బాట బాగుచేసే పని అది, పలుగూ పారా పట్టిన పని. యెషయాలో ‘చేయుడి’ అని మనకు ఆజ్ఞ. సామెతల్లో ‘చేయును’, అంటే ఆ కూలిపని దేవుడే మన కోసం పూనుకుంటానంటున్నాడు. ఈ సంగతి మొదటిసారి గమనించిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

‘ప్రవర్తన’ అని తెలుగులో ఉన్నచోట మూలంలో ‘దెరెక్’ ఉంది, దారి అని అసలు అర్థం. ‘అధికారమునకు ఒప్పుకొనుము’ అన్నచోట ‘యాదా’, ఎరుగు అని. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తే, ‘నీ దారులన్నిటిలో ఆయన్ని ఎరుగు’. మన తెలుగు అనువాదమంటే నాకు ప్రాణం, కానీ ఇక్కడ అధికారం అన్న మాట సంతకానికి ఆఫీసుకెళ్ళినట్టు వినిపిస్తుంది. ఎరగడంలో చనువుంది. రేషన్ షాపుకెళ్ళే దారిలోనూ, మార్కుల లిస్టు తెచ్చుకునే దారిలోనూ పక్కన ఆయన ఉన్నాడని ఎరిగి ఉండటం.

డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం:
అయ్యగారూ, దానికి ముందు వచనంలో ‘స్వబుద్ధిని ఆధారము చేసికొనక’ అని ఉంది కదా. మా ఇంట్లో ఏ కోర్సు గురించి ఆలోచించినా, స్వబుద్ధి అంటారు.

పాస్టర్, పెందుర్తి:
బాబూ, అక్కడి మాట ‘బీనా’, వివేచన. ముందు అధ్యాయం మూడో వచనంలో అదే ‘బీనా’ కోసం కేకలు వేసి మరీ అడగమంటాడు. వద్దన్నది బుద్ధిని కాదు, దాని మీద ఒరిగిపోవడాన్ని. మూలంలో క్రియకు అర్థం ఒరగడమే, చేతికర్ర మీద బరువంతా మోపినట్టు.

హార్బర్ ఉద్యోగి, మల్కాపురం:
మా దగ్గర ఓడ లోపలికి రావాలంటే బయటే పైలట్, అంటే రేవు దారి తెలిసినవాడు, ఎక్కుతాడు. ఛానల్ సన్నం, పక్కనే డాల్ఫిన్ నోస్ కొండ. కెప్టెన్ కెప్టెన్‌గానే ఉంటాడు, కళ్ళు మూసుకోడు. ఎటు తిప్పాలో మాత్రం పైలట్ చెప్పినట్టు వింటాడు.

తెలుగు మేష్టారు, భీమిలి:
ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ మన విశాఖకే వచ్చారు. ఆనందరాయర్ సాయంతో దెగ్రాంజ్ తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో పోయారు, అచ్చుకాగితం చూడలేదు. ఆ మూడు సువార్తల్లోనూ అయ్యగారు చెప్పిన యెషయా వాక్యం ఉంది. అంటే ఈ త్రోవ మాటకి తెలుగు వెతుక్కుంటూ 200 ఏళ్ళ కిందటే ఈ ఊళ్ళో మనుషులు కూర్చున్నారు.

సీతమ్మధార నుంచి:
టీచర్ గారూ, నాకు హీబ్రూ రాదు. సరాళం అంటే నేను చూసినది చెప్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మర్నాడు అమ్మకి డయాలసిస్. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి చివరి నుంచీ చెట్లే. అన్నీ తీశాక బయల్దేరుదామన్నాను. అమ్మ, “ముందు మొదటి చెట్టు దాకా పోదాం పదరా” అంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ తమ్ముడూ మోశాం. మొదటి చెట్టు దగ్గర ముక్కూ మొహం తెలియని నలుగురు గొడ్డళ్ళతో కొమ్మలు నరుకుతున్నారు. కుర్చీ పట్టేంత సందు చేసి పంపారు. తరవాతి చెట్టు దగ్గర ఇంకెవరో. ఎత్తు ఎత్తే, పల్లం పల్లమే, మా భుజాలు వాచిపోయాయి. మధ్యాహ్నం దాటాక చేరాం, జనరేటర్ మీద మిషన్ నడుస్తోంది. అమ్మ ఆ తరవాత మూడేళ్ళు ఉంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు పచ్చికొమ్మ వాసన వస్తుంది.

సండేస్కూల్ టీచర్, గోపాలపట్నం:
అన్నా, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఆదివారం దాకా ఆగలేను, ఈ సాయంత్రమే ఆ పిల్ల ఇంటికి వెళ్తున్నాను. గోపాలపట్నం, ఎన్ఏడీ చుట్టుపక్కల ఇంటర్ లెక్కలు చెప్పగలిగినవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే రాయండి. వారానికి రెండు సాయంత్రాలైనా చాలు, ఫీజు సంగతి నేను చూసుకుంటాను.