బీఎంసీ (ఊరి పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు) పాలలో యాంటీబయాటిక్ పాజిటివ్: ఏ క్యానుదో పట్టుకోవడం ఎలా?

పాలకేంద్రం_పలమనేరు:
మా ట్యాంకు పాలు ఈ వారం రెండుసార్లు బీటా-లాక్టమ్ (పెన్సిలిన్ జాతి మందులు) పట్టే స్ట్రిప్‌లో పాజిటివ్ వచ్చాయండి. ట్యాంకరు వెనక్కి పంపేశారు. రైతులేమో ఎవరూ ఇంజెక్షన్ వేయించలేదంటున్నారు. పరీక్ష తప్పయ్యే అవకాశం ఉందా? మరిగిస్తే పోతుందంటున్నారు, నిజమేనా?

డెయిరీ_కెమిస్ట్:
మరిగిస్తే పోదండి. పెన్సిలిన్ కొద్దిగా తగ్గుతుందంతే. అలాంటి పాలు తోడేస్తే పెరుగు సరిగా తోడుకోదు కూడా.

ముందు స్ట్రిప్ సరిగ్గా చేశారో చూసుకోండి. క్యాను పాలు ప్లంజర్‌తో అడుగు దాకా కలిపాకే శాంపిల్ తీయాలి. పైనుంచి తీస్తే మీగడొచ్చి ప్యాడ్‌కి పట్టేస్తుంది. విరిగిన పాలు అసలు పనికిరావు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా వెంటనే మూత తీయకండి, గది వేడికి రానివ్వండి. లేకపోతే లోపల తేమ పట్టి స్ట్రిప్‌లన్నీ పాడవుతాయి. 200 మైక్రోలీటర్ల పాలు కిట్‌లోని చిన్న గుంటలో వేసి, అందులోని ఎర్రపొడి పూర్తిగా కరిగేదాకా పిపెట్‌తో లాగి వదులుతూ ఉండండి. కరగని పొడి ఉంటే గీత పలచబడి దొంగ పాజిటివ్ చూపిస్తుంది. కిట్ కాగితంలో రాసిన నిమిషాలకే చదవండి, ఆలస్యమైతే గీతల రంగు మారుతుంది.

ఇది తిరగేసిన లెక్క: మందు ఉంటే టెస్ట్ గీత పలచబడుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. కంట్రోల్ గీతే రాకపోతే ఆ స్ట్రిప్ లెక్కలోకి రాదు. పాజిటివ్, నెగిటివ్ కంట్రోళ్లు (మందు ఉందని, లేదని ముందే తెలిసిన శాంపిళ్లు) పక్కన పెట్టి మళ్లీ చేయండి.

అప్పుడూ పాజిటివే అయితే క్యాను వారీగా, ఆ తర్వాత ఆ క్యానులో పోసిన రైతుల వారీగా చూడండి. ఇందుకోసం రోజూ ప్రతి రైతు పాలు చిన్న సీసాలో తీసి 4 డిగ్రీల్లో దాచాలి. ఎక్కువమందివి ఒకే సీసాలో కలపకండి, మందు పలచబడి దొరక్కుండా పోతుంది.

పశువైద్యం_మదనపల్లె:
"ఇంజెక్షన్ వేయించారా" అని కాదు, "పొదుగులోకి ట్యూబు ఎక్కించారా" అని అడగండి. చాలామంది దృష్టిలో ట్యూబు ఇంజెక్షన్ కాదు. మందు వేసిన చన్ను పాలు పారబోసి మిగతా మూడింటివి పోసేస్తారు. మందు రక్తంలోకి వెళ్లి వాటిలోకీ వస్తుంది. పాలు ఎండగట్టేటప్పుడు వేసే ట్యూబు పొరపాటున పాడి ఆవుకు వేస్తే ఇంకా ఎక్కువ రోజులు వస్తూనే ఉంటుంది.

కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) హద్దు ప్రకారం పెన్సిలిన్ కిలో పాలకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. లక్ష యూనిట్లంటే దాదాపు 60 మిల్లీగ్రాములు. అదంతా పాలలోకొస్తే హద్దు కిందికి దించడానికి 15,000 లీటర్లు కావాలి! అందుకే ఒక్క ఆవు చాలు.

ఎన్నాళ్లు ఆపాలో లేబుల్ మీద చూడండి. మందుకు ఆ గడువు నిర్ధారణ కాకపోతే మన డ్రగ్స్ రూల్స్‌లోని 97వ రూలు ప్రకారం పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు.

క్యూసీ_హైదరాబాద్:
ఆంపూల్ పరీక్షతో (మందు ఉంటే పెరగని బ్యాక్టీరియా ఉన్న చిన్న గొట్టంతో) నిర్ధారించుకునేవాళ్లకు ఒక మాట. 0.1 మిల్లీలీటరు పాలు వేసి 64 డిగ్రీల్లో మూడు గంటలు ఉంచాక పసుపైతే నెగిటివ్, ఊదాగానే ఉంటే పాజిటివ్. జున్నుపాలు, పొదుగువాపు పాలలో సహజంగా ఉండే నిరోధకాల వల్ల కూడా ఊదా నిలవొచ్చు. అనుమానమొస్తే పాలు 80 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడిచేసి, చల్లార్చి మళ్లీ వేయండి. అప్పుడూ ఊదాయే అయితే మందే అనుకోవాలి.

బీటా-లాక్టమ్ స్ట్రిప్ నెగిటివ్ వచ్చిందని ఊరుకోకండి. జెంటామైసిన్, ఎన్రోఫ్లాక్ససిన్ లాంటి వేరే జాతి యాంటీబయాటిక్‌లు ఆ స్ట్రిప్‌కి దొరకవు, వాటికి వేరే స్ట్రిప్‌లు వేయాలి.