రాత్రి పక్కకు తిప్పితే పేషెంట్ ఏడుస్తున్నారు, ఏం చేయాలి?

నేను స్టాఫ్ నర్సుని. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడను రాత్రి డ్యూటీలో చూసుకుంటున్నాను. పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకు తిప్పుతున్నాం. తిప్పిన ప్రతిసారీ నొప్పితో నిద్ర లేచి "వదిలేయమ్మా" అని ఏడుస్తున్నారు. నాకు చేతులాడటం లేదు. అలాగని వదల్లేను. నడుం కింద ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడటం లేదు, అంటే పుండు మొదలైనట్టే. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాను. పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలే వాల్చి చూస్తే కొంచెం నయం.

నొప్పి మందు తిప్పడానికి ఎంత ముందు ఇస్తే బాగుంటుంది? గాలి పరుపు వేస్తే తిప్పే వ్యవధి పెంచొచ్చా? డాక్టర్‌నూ అడుగుతాను, కానీ ఇలాంటివాళ్లను దగ్గరుండి చూసుకున్న నర్సులు మీ అనుభవం చెప్పండి. ఆవిడ ఒక్క రాత్రైనా హాయిగా నిద్రపోవాలి.