ఎఫ్-16 అడ్డం గాలిల దించుడు ఎట్ల? ప్రతిసారి గడ్డిలకే పోతున్న

నయీంనగర్_వైపర్:
అన్నలూ, డీసీఎస్‌ల, అదే కంప్యూటర్ల విమానాలు నడిపే ఆటల, ఎఫ్-16 కొని మూడు నెలలైంది. గాలి లేకుంటే కండ్లు మూసుకొని దించుత. మొన్న మా దోస్తు "గాలి లేకుంట దించుడు గూడ ఒక దించుడేనా" అన్నడు. రోషమొచ్చి మిషన్ ఎడిటర్‌ల గాలి 15 పెట్టిన, బటూమి రన్‌వేకు సరిగ్గ అడ్డంగ, ఎడమ దిక్కుకెళ్లి. అప్పటిసంది నిద్ర లేదు.

హడ్ (పైలట్ కండ్ల ముందటి అద్దం) మీది గుండ్రని గుర్తును, అదే విమానం ఎటు పోతున్నదో చూపే ఫ్లైట్ పాత్ మార్కర్‌ను, రన్‌వే మొదట్ల పెట్టుకొని వస్తున్న. గుర్తు నడిమిట్ల కదలకుంట ఉంటది, విమానం మాత్రం కుడికి జారుతనే ఉంటది. ఎడమకు సర్దుకుంట సర్దుకుంట ఎట్లనో రన్‌వే మీదికి తెస్త. నేలకు ఆనే ముందట కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక రెక్క) తన్ని ముక్కు సక్కగ చేస్త, స్టిక్ ఎడమకు వంచుత. చక్రాలు తాకంగనే ఒక్క గుంజు గుంజి కుడికి ఉరుకుతది. నిన్న పదకొండు సార్లు దించిన. తొమ్మిది సార్లు గడ్డిల, ఒకసారి రెక్క గీరుకుంది, ఒకసారి ముందు గేరు ఇరిగింది. అన్నం పెట్టుకుంట మా అమ్మ గూడ అడుగుతున్నది, "గా ఇమానం ఇయ్యాలన్న దిగిందా?"

పెడల్స్ లేవు. సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్, రడ్డర్‌కు దాన్నే మెలి తిప్పాలె.

కాజీపేట_జంక్షన్:
గాలి సున్న పెట్టు తమ్మీ, కరెంటు బిల్లు మిగుల్తది. మజాక్ చేసిన. మన వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుల కొత్త రన్‌వే వేసేలోపల నేర్చుకుంటవ్ లే. 1981ల మూసిండ్రు, నీకు టైం బాగనే ఉన్నది.

మంగపేట_రేవు:
ముందుగాల ఇది చెప్పు, ఆ 15 నాట్లా, మీటర్లా? నీ ఆప్షన్లల్ల యూనిట్లు మెట్రిక్ ఉంటే అది సెకనుకు 15 మీటర్లు. అంటే 29 నాట్లు. అంత గాలి అడ్డంగ కొడుతుంటే నిజంగ నడిపేటోళ్లే వేరే రన్‌వే చూసుకుంటరు. ఎనిమిది పెట్టు, పదిహేను నాట్లకు జరంత ఎక్కువైతది.

ఇగ ఆ గుర్తు సంగతి. గాలి పక్కకెళ్లి కొడుతుంటే అది నడిమిట్ల ఉండనే ఉండొద్దు, గాలి పోయే దిక్కుకు జరగాలె. కదలకుంట కూసున్నదంటే ఐసీపీ (హడ్ కింది బటన్ల ప్యానెల్) మీది డ్రిఫ్ట్ కటౌట్ స్విచ్ పైకి కొట్టి ఉన్నట్టు. నార్మ్‌ల పెట్టు. గిన్ని రోజులు నువ్వు నమ్ముకున్న గుర్తు నీకు అబద్ధం చెప్పింది.

మాది గోదారి ఒడ్డు. చిన్నప్పుడు పడవ ఎక్కితే, పడవాయన ముక్కు అవతలి రేవు దిక్కు పెట్టకపోయేది, ఎగువకు పెట్టేటోడు. పడవ వంకరగ పోయినట్టే కనిపించేది, తాకేది మాత్రం రేవుకే. గాలిల విమానం గూడ గంతే. 150 నాట్ల మీద వస్తుంటే 15 నాట్ల అడ్డం గాలికి ముక్కు ఆరు డిగ్రీలు గాలి దిక్కు తిరిగి ఉంటది. నీ 29కి పదకొండు. నువ్వు మార్కర్‌ను రన్‌వే మీద పెట్టు, ముక్కు ఎటన్న చూడనియ్.

నీ అసలు తప్పు ఆఖర్ల ఉన్నది. ఎఫ్-16ను చిన్న సెస్నా విమానం లెక్క తన్ని సక్కగ చెయ్యొద్దు. రెక్కలు సమంగ పెట్టి, ఆ వంకర మీదనే తాకించు. తాకినంక తనంతట తనే రన్‌వే దిక్కు తిరుగుతది. గాలిల ఉన్నప్పుడు స్టిక్ పక్కకు వంచితే కంప్యూటర్ రడ్డర్‌ను గూడ కలిపి కదిలిస్తది. చక్రాలు జోరుగ తిరగంగనే ఆ లంకె తెగిపోతది. గా టైంల నువ్వు స్టిక్ వంచి ఉంటివి, గందుకే ఆ గుంజుడు. తాకినంక ముక్కు పైకే పట్టు, రడ్డర్‌తోని దారి చూసుకో, గాలి దిక్కు రెక్క లేస్తే అప్పుడు స్టిక్ జరంత అటు. ముక్కు 15 డిగ్రీలు దాటి లేవనియ్యకు, తోక గీరుకుంటది. వంద నాట్ల కాడ ముక్కు దించు. ముందు చక్రం తిప్పే నోస్ వీల్ స్టీరింగ్‌కు తొందరపడకు, రడ్డర్ నడిమికి వచ్చినంకనే ఒత్తు.

కరీంనగర్_మిగ్:
జాయ్‌స్టిక్ మెలి తిప్పుడు గురించి ఎవ్వరు చెప్పలే. స్టిక్ పక్కకు వంచినప్పుడు మణికట్టు తెల్వకుంటనే తిరుగుతది, రడ్డర్ పడుతది. కంట్రోల్స్ చూపించే బొమ్మ స్క్రీన్ మీద పెట్టుకొని చూడు, నవ్వొస్తది. ఆ మెలి తిప్పే యాక్సిస్‌కు జర డెడ్‌జోన్ ఇయ్యి, జరంత కదిలితే పట్టించుకోదు.

నీ బాధ చిన్నదే. నేను మిగ్-21 దించుత. 1963 కెళ్లి 2025 దాక మన ఎయిర్‌ఫోర్స్‌ల నడిచిన బండి. అడ్డం గాలిల వెనుక పారాచూట్ ఇప్పినవనుకో, ఈదురుగాలిల గొడుగు పట్టుకున్నట్టే. తోకను గాలి పోయే దిక్కు గుంజుతది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతది. అప్పుడు చూట్‌ను ఇడ్సిపెట్టి బ్రేకుల మీద బతకాలె.

నయీంనగర్_వైపర్:
మంగపేట అన్నా, మీటర్లే! స్విచ్ గూడ పైకే ఉన్నది, ఎప్పుడు కొట్టిన్నో యాదికే లేదు. ఎనిమిది పెట్టి ఆరుసార్లు దించిన, నాలుగు రన్‌వే మీదనే ఆగినయ్. మిగిలిన రెండిట్ల చెయ్యి ఊకోలేదు, ఆఖరి సెకండ్ల రడ్డర్ తన్నిన. ముక్కు వంకరగ పెట్టుకొని నేలకు ఆనాలంటే పానం ఒప్పుతలేదన్నా.

మంగపేట_రేవు:
మాకు పడవల గూడ మొదట గట్లనే ఉండేది. రేపు పది పెట్టి చూడు.