పిల్లలూ పెద్దలూ ఒకే జగ్గులోంచి తాగే మాక్‌టెయిల్‌కి బుడగలు సోడావా, పులియబెట్టినవా?

పుదీనా_కొమ్మ:
ఇంట్లో మాక్‌టెయిల్ చేసే ప్రతిసారీ ఇదే వాదన వస్తోంది. గ్యాస్ కోసం సోడా పోస్తే చాలని కొందరు అంటారు. అల్లం, చక్కెర పులియబెడితే గ్యాస్ దానంతటదే పుడుతుందని, అదే సహజమని ఇంకొందరు. అన్ని వయసులవాళ్లూ తాగేదైతే నా ఓటు సోడాకే. ఇది రుచి సంగతి కాదు. పులిస్తే ఆల్కహాల్ వస్తుంది. ఆల్కహాల్ లేదని చెప్పి పిల్లల చేతికిచ్చే గ్లాసులో అది ఉండకూడదు. మీరేమంటారు?

అల్లం_సీసా:
పుదీనా గారూ, మీరు అనవసరంగా భయపెడుతున్నారు. దంచిన అల్లం, చక్కెర, నీళ్లు సీసాలో వేసి, రోజూ మరికాస్త అల్లం, చక్కెర కలుపుతూ పొండి. కొన్నాళ్లకి పైన సన్నటి నురగ కడుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటలు వినిపిస్తాయి. ఆ నీళ్లు వడకట్టి పండ్లరసంలో కొద్దిగా కలిపి మూత బిగిస్తే వచ్చే ఘాటు, పులుపు సోడాకి ఎక్కడివి? పైగా చక్కెర కొంత ఈస్టే, అంటే పులియబెట్టే సూక్ష్మజీవే, తినేస్తుంది. బాగా మగ్గిన అరటిపండులోనూ, బ్రెడ్‌లోనూ లేశమంత ఆల్కహాల్ ఉంటుంది. అలాగని పిల్లలకి అరటిపండు మాన్పిస్తామా?

పుదీనా_కొమ్మ:
లేశమంతే అయితే నేనూ పట్టించుకోను. కానీ లెక్క చూడండి. ఈస్ట్ 180 గ్రాముల గ్లూకోజ్‌ని పులియబెడితే 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 92 గ్రాముల ఆల్కహాల్ వస్తాయి. అంటే గ్యాస్ ఎంతో ఆల్కహాలూ దాదాపు అంతే. బాగా చురుక్కుమనే సోడాలో లీటరుకు 6 గ్రాముల దాకా గ్యాస్ ఉంటుంది. అంత చురుకు పులియబెట్టే తెచ్చుకోవాలంటే లీటరులో 6 గ్రాములకు పైగా ఆల్కహాల్ పుట్టాల్సిందే. అది ఘనపరిమాణం లెక్కన సుమారు 0.8 శాతం. అమెరికాలో పానీయాన్ని నాన్ ఆల్కహాలిక్ అనాలంటే 0.5 శాతం లోపు ఉండాలి. మూత తీసినప్పుడల్లా గ్యాస్ పోతుంది కానీ ఆల్కహాల్ పోదు. అందుకని బుడగలు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఆల్కహాలూ తక్కువే అనుకోవడానికి లేదు.

ఇక సహజం అన్న మాట. జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో బీరు పులిసే తొట్ల పైన నీళ్లు ఉంచి, ఆ గ్యాస్‌నే నీటిలో కరిగించాడు. గ్యాస్ నీళ్లలోకి వచ్చింది, ఆల్కహాల్ తొట్టిలోనే ఉండిపోయింది. మనం పోసే సోడాలో ఉన్నదీ అదే గ్యాస్.

చల్లటి_గ్లాసు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రెండూ వద్దనుకుంటే నిమ్మరసంలో వంట సోడా వేస్తే సరిపోదా? బుస్సున పొంగుతుంది, పిల్లలకి సరదాగానూ ఉంటుంది.

వంటింటి_లెక్క:
వద్దండీ. ఒక గ్రాము వంట సోడా నుంచి వచ్చే గ్యాస్ అరగ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే. పుదీనా గారు చెప్పిన 6 గ్రాముల కోసం లీటరుకు పదకొండున్నర గ్రాములు వేయాలి. అందులో సోడియమే 3 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకే రోజంతటికీ 2 గ్రాముల లోపు ఉండాలంటోంది. అంత వేసినా మూత లేని గ్లాసులో గ్యాస్ చాలావరకు ఆ బుస్సుతోనే పోతుంది, నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది.

అమ్మమ్మ_కబుర్లు:
మీరంతా గ్యాస్ దగ్గరే ఆగిపోయారు. అన్ని వయసులూ అంటే చంటిబిడ్డ ఉన్న ఇల్లూ, మందులు వాడే పెద్దవాళ్లున్న ఇల్లూ కూడా. ఏడాది నిండని పిల్లలకి తేనె చుక్క కూడా పనికిరాదు, బొటులిజం అనే విషజబ్బు ప్రమాదం. గ్యాస్ పానీయాలు ఎటూ వాళ్లకి కాదు. ఐదేళ్లలోపు వాళ్ల గ్లాసులో గుండ్రటి ద్రాక్ష వేయకండి, గొంతుకి అడ్డం పడుతుంది. నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వేసుకునేవాళ్లకి గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు) రసం పోయకూడదు, మందు ఒంట్లో మోతాదు మించిపోతుంది. అల్లం గారూ, మీ పద్ధతిలో నాకు ఇంకో భయం ఉంది. మూత బిగించిన గాజు సీసా వెచ్చటి చోట మరిచిపోతే పగిలి పెంకులు ఎగురుతాయి. పిల్లలు తిరిగే వంటగదిలో అది ఉండకూడదు.

అల్లం_సీసా:
అమ్మమ్మ గారూ, సీసా విషయంలో మీ మాట నిజమే. అందుకే నేను ప్లాస్టిక్ సీసానే వాడతాను, నొక్కితే గట్టిగా తగిలిందంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. 0.8 లెక్కకి కూడా నా దగ్గర జవాబు లేదు. అయితే సోడా పోసిన మాక్‌టెయిల్ పది నిమిషాల్లో చప్పబడి తీపినీళ్లయిపోతుంది. దానికేమంటారు?

పుదీనా_కొమ్మ:
అది సోడా తప్పు కాదండీ, పోసే పద్ధతిలో ఉంది. మామూలు ఒత్తిడిలో 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 3.3 గ్రాముల గ్యాస్ పట్టుకుంటాయి, 20 డిగ్రీలకి వచ్చేసరికి అందులో సగమే. చాలామంది సోడాని చల్లబెడతారు గానీ రసాన్ని, పాకాన్ని బయటే ఉంచుతారు. అన్నీ ఫ్రిజ్‌లోంచే రావాలి, గ్లాసుతో సహా. చక్కెరను పాకంగానే కలపాలి, పలుకులు సోడాలో పడితే ప్రతి పలుకు చుట్టూ బుడగలు పుట్టి గ్యాస్ అంతా నురగై పోతుంది. గ్లాసులో ముందు రసం, తర్వాత పెద్ద ఐసు ముక్కలు, చివర్లో సోడా. గ్లాసును వంచి అంచు వెంట జారనివ్వండి, పొడుగు చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపి వదిలేయండి. గిలక్కొడితే ఇంకేం మిగలదు. జగ్గులో రసం మాత్రమే ఉంచి, ఎవరి గ్లాసులో వాళ్లకి అప్పటికప్పుడు సోడా పోస్తే చప్పబడే సమస్యే రాదు. గ్యాస్ పడనివాళ్లకి చల్లటి నీళ్లు పోయొచ్చు.

అల్లం_సీసా:
మరి పులిసిన అల్లాన్ని మరిగించి, చల్లార్చి, సోడా కలిపితే? రుచి ఉంటుంది, ఆల్కహాల్ పోతుంది.

వంటింటి_లెక్క:
తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఎంత మిగిలిందో ఇంట్లో కొలవలేం. ఆ పులుపే కావాలంటే పండ్ల ముక్కల్ని చక్కెరలో ఊరనిచ్చి, దిగిన రసానికి కొంచెం వెనిగర్ కలపండి. సోడా పోశాక ఘాటుగా, పెద్దవాళ్లకి నచ్చేలా ఉంటుంది.

అల్లం_సీసా:
వెనిగర్ సంగతి ప్రయత్నిస్తాను. పులియబెట్టడం మాత్రం మానను, కాకపోతే అది పెద్దవాళ్ల సీసా అని పైన రాసి విడిగా పెడతాను. పచ్చి అల్లం రసం నేరుగా పిండి కలిపితే పిల్లలకి మంట అనిపించదా?

పుదీనా_కొమ్మ:
అనిపిస్తుంది. పలచటి ముక్కలు కోసి పాకంలో అరగంట నాననిచ్చి వడకట్టండి. పిల్లల గ్లాసులో ఒక చెంచా, మీ గ్లాసులో మీ ఇష్టం.