అమ్మమ్మ వీణను లండన్ తీసుకెళ్లాలా, వద్దా?

నల్లగొండ అన్న:
మా చెల్లె సంగీతంలో మాస్టర్స్ చేయడానికి సెప్టెంబరులో లండన్ వెళ్తోంది. ఇంట్లో నెల రోజులుగా ఒకటే గొడవ. అమ్మమ్మ వాయించిన వీణే వెంట పోవాలని అమ్మ అంటుంది. దారిలో విరిగితే మళ్లీ ఎవరు తెస్తారు, అక్కడే ఒకటి చూసుకోమని నాన్న. మీరేమంటారు?

మిర్యాలగూడ మేళం:
నేను మీ నాన్నగారి వైపే. చాలా విమానాల్లో మామూలు సామాను పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. వీణ పొడవే 120 ఉంటుంది, దానికి కుండ (వీణకు ఒక చివర ఉండే గుండ్రటి పెద్ద భాగం) కూడా కలపండి. అదనంగా డబ్బు కట్టాలి, ముందే అడిగి ఒప్పించుకోవాలి. అదైనా ఒక్కరోజు బాధ. అసలు తలనొప్పి చలికాలంలో. గదిలో హీటరు పెడితే తేమ పోయి పనస చెక్క బీటలిస్తుంది, తంత్రులు నొక్కే మెట్లు నిలబెట్టిన మైనం పెళుసెక్కుతుంది. మేళం కట్టేవాళ్లు, అంటే మైనంలో మెట్లు సరిగ్గా నిలబెట్టేవాళ్లు, అక్కడ వీధికొకరు దొరకరు కదా!

జడ్చర్ల అక్క:
అన్నా, చెయ్యి అలవాటైన వీణ వేరు. పరాయి వీణ మీద గమకం (తంత్రి లాగి స్వరాన్ని ఊపడం) కుదరడానికే ఒక సెమిస్టర్ పోతుంది. తంత్రులు కొంచెం వదులు చేసి, సొరకాయ బుర్ర విప్పి, గట్టి పెట్టెలో పెడితే చాలు. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని 40 నుంచి 60 శాతం మధ్య చూసుకోవాలి. శంషాబాద్‌లో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు సుంకం పేచీ ఉండదు.
కొత్తది కొనేటట్టయితే మాత్రం వీసాకు చూపించే డబ్బు ముట్టుకోకండి. అది ఖాతాలో వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలి.

నాగర్‌కర్నూల్ కిన్నెర:
ఇద్దరూ సైజు, చలి గురించే మాట్లాడుతున్నారు. ఆ వీణ దేనితో చేశారో ఎవరూ అడగలేదు! మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన మా పన్నెండు మెట్ల కిన్నెరనే చూడండి. పాత పద్ధతిలో దాని మెట్లకు అలుగు (వేటాడకూడని అడవి జంతువు, పాంగోలిన్) పెంకులు వాడేవారు. ఈ రోజు అలాంటి కిన్నెర పట్టుకుని విమానం ఎక్కితే జైలు దాకా పోవచ్చు. పాత వీణల మీద తెల్లటి నగిషీ ఉంటుంది కదా, కొన్నింటికి అది ఏనుగు దంతం, కొన్నింటికి జింక కొమ్ము. దంతమైతే ఇక్కడా అడ్డే, బ్రిటన్‌లోనూ అడ్డే.

మిర్యాలగూడ మేళం:
ఇది నాకు తట్టనే లేదు. నా వీణ కొత్తది, ప్లాస్టిక్ నగిషీ.

జడ్చర్ల అక్క:
ఫొటో చూసి తేల్చకండి. వీణలు చేసేవాళ్లకో, పాత వాయిద్యాలు బాగుచేసేవాళ్లకో స్వయంగా చూపించండి. అనుమానం మిగిలినా తీసుకెళ్లొద్దు. ఈ ఒక్క విషయంలో నేనూ నాన్నగారి వైపే.

నల్లగొండ అన్న:
ఇప్పుడే అమ్మమ్మకు ఫోన్ చేసి అడిగాను. "దంతం కాక ఇంకేంది బిడ్డా, మా నాయన ప్రత్యేకంగా పెట్టించిండు" అని మురిసిపోతూ చెప్పింది. అమ్మకు ఇంకా చెప్పలేదు. రెండు భాగాలుగా విడదీసే వీణ ఎవరైనా వాడారా? స్వరం ఎట్లుంటుంది?