ప్రత్యక్ష వీడియోపై గీసే గీతలను సరైన ఫ్రేమ్‌తో కలపడం ఎలా?

ఒకరు కెమెరాతో ఒక యంత్రాన్ని చూపిస్తూ మాట్లాడుతుంటే, దూరంగా ఉన్న మిగతావారు ఆ వీడియోపైనే గీతలు గీసి సూచనలివ్వగలిగే అప్లికేషన్‌ను తయారుచేస్తున్నాను. ఆడియో, వీడియోలను ఆర్‌టీసీపీ సెండర్ రిపోర్టుల్లోని (పంపేవైపు నుంచి మధ్యమధ్యలో వచ్చే సమాచారంలోని) ఎన్‌టీపీ సమయం (ఉమ్మడి గడియార సమయం) ఆధారంగా జతపరచగలిగాను. మాట 45 మిల్లీసెకన్లు ముందైనా, 125 మిల్లీసెకన్లు వెనుకైనా చూసేవారికి తేడా తెలుస్తుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు బీటీ.1359 చెబుతుంది, ఆ హద్దుల్లోనే ఉన్నాను.

చిక్కంతా గీతలతోనే. అవి టీసీపీ (డేటాను వరుస తప్పకుండా చేర్చే పద్ధతి) మీదుగా వేరే దారిలో వస్తాయి కాబట్టి, కొందరి దగ్గర జిట్టర్ బఫర్‌లో (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులను సర్దే తాత్కాలిక నిల్వలో) ఆగిన వీడియో కంటే ముందే తెరపైకి వచ్చి, వేరే భాగాన్ని చూపిస్తున్నాయి. ప్రతి గీతకూ అది గీసిన ఫ్రేమ్ ఆర్‌టీపీ టైమ్‌స్టాంప్‌ను (వీడియో ప్యాకెట్లపై ఉండే సమయ ముద్రను) జోడించి, ఆ ఫ్రేమ్ వచ్చేదాకా ఆపడం సబబేనా? ఫ్రేమ్ అప్పటికే దాటిపోయిన చోట ఏం చేయాలి? 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7272 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) పద్ధతిలో అందరి ప్రదర్శననూ సమం చేద్దామంటే, అత్యంత నెమ్మదైన కనెక్షన్ కోసం మిగతావారంతా ఆగాల్సివచ్చి సంభాషణ కుంటుపడుతుందేమోనని నా సందేహం. ఇలాంటిది అమలుచేసినవారు దారి చూపగలరా?