లాటరీలో చార్టర్ స్కూల్ సీటొచ్చింది. చిన్న స్కూల్, చేర్చమంటారా?

మంచులో అమ్మ:
మేం మిన్నసోటాలో ఉంటాం. మా పాపకి ఆరో తరగతికి చార్టర్ స్కూల్లో సీటొచ్చింది. ఆరు నుంచి పన్నెండు దాకా కలిపినా మూడొందల మంది లేరు. ఫోన్‌లో చెప్తే మా నాన్నగారు "సీటుకి ఎంత కట్టారమ్మా?" అన్నారు. ఫీజు లేదు, చార్టర్ స్కూలంటే నడిపేది విడిగా ఓ బోర్డైనా గవర్నమెంటు డబ్బే అన్నాను. "మరి లాటరీ దేనికి?" అన్నారు. ఏం చెప్పాలో తెలీలేదు.

వెళ్లి చూశాం. పాత ఆఫీసు బిల్డింగ్. జిమ్‌లోనే భోజనాల బల్లలు వేసి తీస్తున్నారు. కానీ మమ్మల్ని తిప్పి చూపించిన టీచర్ వరండాలో ఎదురైన పిల్లలందర్నీ పేరు పెట్టి పలకరించింది. మా పాప నలుగురిలో నోరు విప్పదు, అందుకే ఆశ పుట్టింది. శుక్రవారంలోగా చెప్పాలి. ఒకటే టెన్షన్.

లెక్కల మనిషి:
నాన్నగారికి ఇలా చెప్పండి: సీట్లు కొన్నే, మార్కులు చూసి ఏరుకోవడానికి వీల్లేదు, అందుకని చీటీలు తీస్తారు. తోబుట్టువులు అక్కడే చదువుతుంటే వాళ్లకి ముందు. చార్టర్ స్కూళ్ల చట్టం దేశంలో మొదట చేసింది మన రాష్ట్రమే, 1991లో. మొదటి స్కూల్ 1992లో సెయింట్ పాల్‌లో తెరిచారు. డబ్బు పిల్లల లెక్కన వస్తుంది కాబట్టి చిన్న స్కూల్లో ఇరవై మంది తగ్గినా బడ్జెట్ కుదేలవుతుంది. గత మూడేళ్లలో ఎంతమంది ఉన్నారో, స్కూల్ నడపడానికిచ్చిన కాంట్రాక్టు రెన్యువల్ ఎప్పుడో అడగండి. బోర్డు మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు. ఒకసారి వెళ్లి వెనక కూర్చోండి.

ఇద్దరు పిల్లల తల్లి:
మా పెద్దది అలాంటి స్కూల్లోనే ఏడేళ్లు చదివింది. పేరు పెట్టి పిలవడం నిజమే. ఎనిమిదిలో అది రెండు వారాలు ముభావంగా ఉంటే నాకన్నా ముందు సైన్స్ టీచర్ పసిగట్టి ఫోన్ చేసింది.

కాకపోతే ఆ ముభావానికి కారణం స్నేహితురాలితో గొడవ. క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది. పెద్ద స్కూలైతే వేరే సెక్షన్‌లోనో, వేరే బల్ల దగ్గరో కూర్చుంటుంది. ఇక్కడ అవే మొహాలు, పన్నెండు దాకా. దాదాపు ఏడాది మధ్యాహ్నం లైబ్రరీలోనే తింది. ఈ సంగతి ఓపెన్ హౌస్‌లో ఎవరూ చెప్పరు.

లెక్కల్లో ఇంకో చిక్కు. కాలిక్యులస్ ఏడాది విడిచి ఏడాది పెట్టేవారు, మా పెద్దదానికి కావాల్సిన ఏడు లేదు. పీఎస్‌ఈఓ అని, స్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు చదివే పథకం ఉంది, దాని కింద కాలేజీలో చేసింది. పదకొండు, పన్నెండు వాళ్లకి ఫీజూ పుస్తకాలూ ఉచితం. కానీ ఆ గ్రేడ్లు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతాయి, సరదాకి చేరేది కాదు.

చిన్నవాణ్ని మాత్రం పెద్ద స్కూల్లోనే వేశాం. వాడికి ఆర్కెస్ట్రా కావాలి, అక్క స్కూల్లో గిటార్ క్లబ్బొక్కటే.

చలికి అలవాటైనవాడు:
బస్సు సంగతి అడిగారా అక్కా? మాకు స్టాప్ రెండు మైళ్లు. జనవరిలో మైనస్ పదిహేనులో రోజూ నేనే దింపేవాణ్ని. హాకీకి వేరే స్కూల్‌తో కలిపి కో-ఆప్ టీమ్, ప్రాక్టీస్ అక్కడ. అంటే ఇంకో ట్రిప్పు. కారు నడపడానికి మనిషుంటేనే చేర్చండి.

మంచులో అమ్మ:
అందరికీ థాంక్స్. ఇవాళ ఆఫీసుకి ఫోన్ చేశాను. కాలిక్యులస్ ఈ ఏడాది ఆరుగురితో నడుస్తోందట. బస్సు మా వీధి చివరిదాకా వస్తుంది. లైబ్రరీ సంగతి పాపకి చెప్పాను. "అక్కడ తిననిస్తారా?" అని వెంటనే అడిగింది, మొహం వెలిగిపోతూ. ఫారం నింపుతున్నాను.